గల్ఫ్‌లో ఉంటూ అరబ్బీ నేర్చుకోవడం: ఉద్దానం వాళ్ళకి పనికొచ్చే పద్ధతి ఏటి?

ఉద్దానం కుర్రాడు:
అందరికీ నమస్కారం. కవిటి, సోంపేట, కంచిలి మండలాల నుంచి వెల్డింగు, పైపు ఫిట్టింగు, రిగ్గింగు (క్రేన్‌తో బరువులెత్తించడం) పనులకి గల్ఫ్ వెళ్ళే కుర్రాళ్ళు చాలామంది. వెళ్ళబోయేవాళ్ళకి నెలన్నర పాటు సాయంత్రం పూట అరబ్బీ చెప్పించాలని మా ఊళ్ళో అనుకుంటున్నాం. "అక్కడికెళ్తే భాష దానంతటదే వచ్చేస్తాది, ఇక్కడ చదివేదేటి?" అని పెద్దోళ్ళు అంటన్నారు. అదెంతవరకు నిజం? ఇక్కడ ఎంత నేర్చుకెళ్ళాలి, అక్కడ దిగాక ఎలా సాగాలి? కొందరు సౌదీలోని జుబైల్‌కి, కొందరు కువైట్‌కి వెళ్తారు. ఇంటిపనికి కువైట్ వెళ్ళే ఆడవాళ్ళు కూడా ఉన్నారు. తెలిసినోళ్ళు వివరంగా చెప్పండి.

సోంపేట ఫిట్టర్:
తమ్ముడూ, దానంతటదే రాదు. ఎందుకో ముందు చెప్తాను.

లేబర్ క్యాంపులో వినబడేది హిందీ, మలయాళం, బెంగాలీ, నేపాలీ. సూపర్‌వైజరు ఫిలిప్పీన్స్ వాడైతే ఇంగ్లీషు. సందు చివర బఖాలా కొట్లో కూర్చునేది చాలాచోట్ల కేరళ మనిషే. రోజుకి పది గంటలు అరబ్బు దేశంలో పని చేసినా చెవిలో పడే అరబ్బీ పది నిమిషాలు ఉండకపోవచ్చు. ఆ పది నిమిషాలూ అసలు అరబ్బీ కూడా కాదు. కూలీలతో మాట్లాడ్డానికి గల్ఫ్‌లో ఒక విరుపు అరబ్బీ తయారై ఉంది. అరబ్బులు కూడా మనతో అదే మాట్లాడతారు: "ఇంతా రూహ్", "అనా మాఫీ మాలూమ్", "సేమ్ సేమ్". అందులో క్రియ మారదు, కాలం ఉండదు, ఆడ మగ తేడా ఉండదు.

ఇది రెండు వారాల్లో నోటికొచ్చేస్తాది. దాంతో పని జరిగిపోతాది కాబట్టి అక్కడితో ఆగిపోతారు. ఇరవయ్యేళ్ళున్నా అదే మాట. నష్టం ఎక్కడంటే, "అనా మాఫీ రూహ్" అంటే నేను వెళ్ళలేదు, వెళ్ళను, వెళ్ళబోను అన్నీ అదే. నిన్న సైటుకి ఎందుకు రాలేదని మేనేజరు అడిగినప్పుడు ఆ మాటంటే, ఇవాళ కూడా వెళ్ళనంటున్నాడని అర్థమవుతాది. గల్ఫ్ మాటలో సరైన రూపాలు ఇవి:

మా రిహ్త్: నేను వెళ్ళలేదు.
మా అరూహ్: నేను వెళ్ళను, అలవాటు లేదు.
మా రాహ్ అరూహ్: ఇకముందు వెళ్ళను.

మాఫీ అంటే "లేదు" అని మాత్రమే. మాఫీ మాయ్, నీళ్ళు లేవు. మాఫీ కహ్‌రబా, కరెంటు లేదు. క్రియ ముందు "మా" ఒక్కటే రావాలి. "నాకు తెలీదు" అనడానికి "మా అ'రిఫ్" (' గుర్తు ఐన్ అనే గొంతు అక్షరానికి). ఈ ఒక్క తేడా ఇక్కడే నాలుక్కి పట్టించి పంపితే అవతలివాడు వెంటనే గమనిస్తాడు, విరుపు మాట మానేసి మామూలుగా మాట్లాడ్డం మొదలెడతాడు. అక్కడుండి నేర్చుకోవడం మొదలయ్యేది ఆ మార్పుతోనే.

నాగావళి గట్టు:
ఫిట్టర్ గారు చెప్పినదానికి ముందు ఇంకో మెట్టుంది. ఏ అరబ్బీ నేర్పుతారో తేల్చుకోండి. ఫుస్‌హా అనే గ్రాంథికం వార్తలకీ, మసీదు ప్రసంగానికీ, బోర్డులకీ, కాంట్రాక్టు కాగితాలకీ వాడతారు. ఇంట్లో, సైట్లో ఎవరూ అది మాట్లాడరు. డుయోలింగో నేర్పేది గ్రాంథికానికి దగ్గరగా ఉండే మాట. దాంతో కువైట్‌లో మాట్లాడితే అందరికీ అర్థమవుతుంది, కానీ వాళ్ళు తిరిగి చెప్పేది మనకి అర్థం కాదు.

వాడుకలో మాట దేశదేశానికీ మారుతుంది. "ఇప్పుడు" అనడానికి కువైట్, ఖతర్, ఎమిరేట్స్, రియాద్‌లలో అల్‌హీన్, జెద్దాలో దహీన్. "ఏమిటి" అనడానికి కువైట్‌లో షినూ, ఎమిరేట్స్‌లో షూ, సౌదీలో ఎష్ లేదా వెష్. "నాకు కావాలి" అనడానికి కువైట్‌లో అబీ, జెద్దాలో అబ్‌ఘా. వీటికి తోడు సైట్లో ఇంజనీరు ఈజిప్టువాడు కావచ్చు, ఫోర్‌మన్ సిరియావాడు కావచ్చు. ఈజిప్టువాడు "కావాలి" అనడానికి 'ఆయిజ్ అంటాడు, సిరియావాడు బిద్ది అంటాడు. ముగ్గురి మాటలూ కలిపి నేర్చుకుంటే ఏదీ నిలవదు.

కాబట్టి మాట్లాడ్డానికి ఒక్క మాండలికం, అర్థం చేసుకోవడానికి మిగతావి. మీ కుర్రాళ్ళకి గల్ఫ్ మాట చాలు. జుబైల్ సౌదీ తూర్పు తీరంలో ఉంది కనుక అక్కడి మాట కువైట్, బహ్రెయిన్‌ల మాటకి దగ్గర. ఇద్దరికీ ఒకే తరగతి సరిపోతుంది. జెద్దా వెళ్ళేవాళ్ళుంటే వేరుగా చూడాలి.

ఒకే మాట రెండుచోట్ల రెండర్థాలిచ్చే సందర్భాలు ముందే చెప్పాలి. 'ఏష్ అంటే కువైట్‌లో అన్నం, ఈజిప్టులో రొట్టె. లబన్ అంటే గల్ఫ్‌లో మజ్జిగ, ఈజిప్టువాడికి పాలు. గల్ఫ్‌లో పాలు కావాలంటే హలీబ్ అనాలి.

సోంపేట ఫిట్టర్:
నాగావళి గారి చివరి మాటకి ఒకటి కలపాలి, ఇది ప్రాణాల మీదకొచ్చేది. కువైట్ మాటలో "బత్తిల్" అంటే తెరువు. బత్తిల్ ఇల్‌బాబ్, తలుపు తియ్యి. ఈజిప్టువాడికి బత్తల్ అంటే ఆపు, మానెయ్. వాల్వు దగ్గర నిలబడి ఉన్నప్పుడు ఒక దేశం వాడి మాట ఇంకో దేశం లెక్కలో అర్థం చేసుకుంటే ఏమవుతాదో వేరే చెప్పక్కర్లేదు. తెరువు అనడానికి అందరికీ తెలిసే మాట ఇఫ్‌తహ్. మూసెయ్ అనడానికి గల్ఫ్‌లో సక్కిర్. అవే వాడాలి. విన్నది తిరిగి పలికి, చేత్తో చూపించి, అవునన్నాకే వాల్వు ముట్టాలి.

రిగ్గర్లకి కూడా ఇలాంటిదుంది. ఎడమ అనడానికి గల్ఫ్‌లో యసార్, ఈజిప్టువాడు షిమాల్ అంటాడు. గల్ఫ్‌వాడికి షిమాల్ అంటే ఉత్తర దిక్కు. కుడి మాత్రం అందరికీ యమీన్. దింపు: నజ్జిల్. ఎత్తు: ఇర్‌ఫ'. ఆగు: వగ్గిఫ్. మెల్లగా: ష్వయ్ ష్వయ్. చాలు: బస్. క్రేన్‌కి మాత్రం చేతి సైగలే సిగ్నలు, నోటి మాట దానికి తోడు అంతే.

బొబ్బిలి వీణ:
ఉచ్చారణ గురించి నేను రాస్తాను. తెలుగువాళ్ళకి ఇందులో ఒక పెద్ద లాభముంది, దాన్ని వాడుకోవాలి. అరబ్బీలో హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు అర్థాన్ని మార్చేస్తాయి. ఇంగ్లీషువాళ్ళు వీటి దగ్గర నెలల తరబడి తడబడతారు. మనకి అవి పుట్టుకతో వచ్చినవే. హమామ్ అంటే పావురాలు, హమ్మామ్ అంటే స్నానాలగది. మతర్ అంటే వాన, మతార్ అంటే విమానాశ్రయం. ఇవి ఒక్కసారి చెబితే మన పిల్లలు పట్టేస్తారు.

కష్టం ఇంకోచోట. పిల్లలు తప్పేవి ఇవి:

మొదటిది జ. గల్ఫ్‌లో "బాగుంది" అనే మాట జేన్. ఇందులో ఉండేది "జయం"లోని జ కాదు. మనం "జడ" అన్నప్పుడు నాలుక పళ్ళ వెనక్కి వెళ్ళే జ ఉంది కదా, దానికి దగ్గర. ఆ "జడ"లోని జని సాగదీస్తూ, నాలుక పళ్ళకి తగలకుండా గాలి వదిలితే సరైన ధ్వని వస్తుంది.

రెండోది ఫ. "ఫలం" అన్నట్టు పెదవులు మూసి తెరవకూడదు, కింది పెదవి మీద పై పళ్ళు ఆనాలి.

మూడోది ఖ, ఘ. మనవాళ్ళు ఖలాస్‌ని కలాస్ అంటారు. ఖ పలకడానికి నాలుక వెనుక భాగం అంగిలికి పూర్తిగా తాకకుండా గాలి ఒరుసుకుంటూ రావాలి. దానికి గొంతు నాదం కలిపితే ఘ.

నాలుగోది రెండు హకారాలు. తేలిక హ మనకుంది. బలమైన హకి అద్దం మీద ఆవిరి పట్టేలా గుసగుసగా ఊదాలి, గొంతు నాదం ఉండకూడదు. ఈ హ తేలితే హలీబ్, లహమ్, హార్ర్ లాంటి రోజువారీ మాటలన్నీ బాగుపడతాయి.

అయిదోది ఐన్. ఈ చర్చలో దానికి ' గుర్తు పెడుతున్నాం. "ఆ" అంటూ నాలుక మొదలుని గొంతులోకి వెనక్కి నొక్కాలి. మొదట్లో ఒత్తిడిగా ఉంటుంది, రోజుకి అయిదు నిమిషాలకి మించి సాధన చేయొద్దు, గొంతు రాసుకుపోతుంది. ఐన్ వదిలేస్తే 'అమల్ అంటే పని కాస్తా అమల్, ఆశ అయిపోతుంది.

ఆరోది బరువైన త, స, ద. ఇందులో ఒక కిటుకు: హల్లుని వినబోతే తేడా దొరకదు, పక్కనున్న అచ్చుని వినండి. తేలిక తతో తీన్ అంటే అంజూరం. బరువైన తతో తీన్ అంటే మట్టి, అచ్చు మసకబారి గొంతులోకి దిగినట్టు వినిపిస్తుంది.

ఖాఫ్ (గొంతు లోపలి నుంచి పలికే క, పైన చెప్పిన ఖ కాదు) గురించి భయం అక్కర్లేదు. గల్ఫ్‌లో చాలా మాటల్లో అది గ అయిపోతుంది. కహ్వా అని పుస్తకంలో ఉన్న కాఫీ అక్కడ గహ్వా.

ఉద్దానం కుర్రాడు:
వీణ గారూ, "జడ" కిటుకు చాలా బాగుందండి. అంకెల సంగతి? జీతం దగ్గర మోసపోయేది అక్కడే కదా.

ఇచ్ఛాపురం జంక్షన్:
అంకెలు నాకొదిలెయ్యండి.

ఒకటి నుంచి పది: వాహిద్, ఇత్నేన్, తలాతా, అర్బ'అ, ఖమ్సా, సిత్తా, సబ్'అ, తమాన్యా, తిస్'అ, 'అష్రా. వీటికి రెండ్రోజులు చాలు. ఇరవై దాటాక అసలు సమస్య. అరబ్బీలో ఒకట్లు ముందు, పదులు తరవాత. ఖమ్సా వ 'ఇష్రీన్ అంటే 25. ఇత్నేన్ వ ఖమ్సీన్ అంటే 52. మనం "ఇరవై అయిదు" అని పదుల నుంచి వింటాం కాబట్టి, ముందు "ఖమ్సా" పడగానే యాభై అని చెయ్యి రాసేస్తుంది. నివారణ ఒక్కటే: పూర్తిగా వినేదాకా పెన్ను పెట్టకూడదు. ఇచ్ఛాపురం, పలాస వైపు ఒడియా వచ్చినవాళ్ళకి కొంచెం తేలిక, పచిశ (25) లాంటి మాటల్లో అయిదు ముందు రావడం వాళ్ళ చెవికి అలవాటే. ఒక జత కూర్చుని ఒకరు 21 నుంచి 99 వరకు అడ్డదిడ్డంగా చదవడం, రెండోవాళ్ళు రాయడం. రోజుకి 40 అంకెలు, వారం రోజులు. ఇంతకన్నా మంచి సాధన లేదు.

ఇక రాసే అంకెలు. అక్కడి దుకాణాల్లో, బిల్లుల్లో చాలాచోట్ల అరబ్బీ అంకెలుంటాయి. సున్నాకి చుక్క. మన సున్నాలాంటి గుండ్రం 5. మన 7లా కనిపించేది 6. పైకి నోరు తెరిచిన రెండు గీతలు 7, దాన్ని తిరగేస్తే 8. తిరగేసిన 3లాంటిది 4. ఒక వంపుంటే 2, రెండు వంపులుంటే 3. 1, 9 మాత్రం మనకి తెలిసినట్టే ఉంటాయి. లిపి కుడి నుంచి ఎడమకి సాగినా అంకెలు ఎడమ నుంచి కుడికే చదవాలి. గుండ్రాన్ని సున్నా అనుకుని 50ని చూసి తికమకపడటం అందరికీ జరిగేదే.

సౌదీ కార్ల నంబరు పలకల మీద అంకెలూ అక్షరాలూ అరబ్బీలో పైన, ఇంగ్లీషులో కింద ఉంటాయి. సైటు బస్సు కిటికీలోంచి పై వరస చదివి, కింది వరసతో సరిచూసుకుంటే పుస్తకం అక్కర్లేదు.

డబ్బు: కువైట్ దీనారుకి 1000 ఫిల్సులు, సౌదీ రియాలుకి 100 హలలాలు. కువైట్‌లో ధర అడగడానికి బ్‌చమ్, పుస్తకంలోని బికమ్ కాదు. అక్కడి మాటలో కాఫ్ (మామూలు క) కొన్ని చోట్ల చ అవుతుంది. రేపు అనేదాన్ని బాచిర్ అంటారు. జీమ్ (జ అక్షరం) యకారం కూడా అవుతుంది: కోడి దజాజ్ కాస్తా దియాయ్. ఇవి తెలియకపోతే నేర్చుకున్న మాటే ఎదురొచ్చినా గుర్తుపట్టలేరు.

గరివిడి గౌరి:
ఆడవాళ్ళ గురించి ఎవరూ రాయలేదు, అందుకే నేను రాస్తున్నా. ముందు ఒక నియమం: ఈసీఆర్ (పనికి విదేశం వెళ్ళడానికి ప్రభుత్వ అనుమతి కావాలనే) ముద్ర ఉన్న పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకి కనీస వయసు 30 ఏళ్ళు, ఈమైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా అనుమతి తప్పనిసరి. విజిట్ వీసా మీద పంపిస్తామనే ఏజెంటు మాట వినొద్దు.

భాష విషయంలో ఇంటిపని వాళ్ళకి మగవాళ్ళ కన్నా మంచి అవకాశముంది. ఇంట్లో రోజంతా అసలైన అరబ్బీ చెవిన పడుతుంది. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలున్న ఇల్లయితే మరీ మంచిది. పిల్లలు చిన్న వాక్యాలు మాట్లాడతారు, అడిగితే విసుక్కోకుండా పదిసార్లు చెబుతారు. వస్తువు చూపించి "షినూ హాదా?" అని అడిగితే చాలు.

కానీ ఇందులో ఒక చిక్కుంది. ఆడమనిషితో మాట్లాడినప్పుడు అరబ్బీలో ఆజ్ఞకి చివర ఇకారం చేరుతుంది. త'ఆలి రా, రూహి వెళ్ళు, జీబి తీసుకురా. రోజంతా ఆమె వినేది ఈ రూపాలే. అవే డ్రైవరుతో అంటే తప్పు, మగవాడితో త'ఆల్, రూహ్, జీబ్ అనాలి. సైట్లో మగవాళ్ళకి దీనికి తలకిందులు. వాళ్ళు వినేదంతా మగ రూపాలే కాబట్టి ఆస్పత్రిలో నర్సుని కూడా ఇంతా అంటారు. ఆమెను ఇంతి అనాలి. "ఎలా ఉన్నారు" మగవారికి ష్లోనక్, ఆడవారికి కువైట్‌లో ష్లోనిచ్. తరగతిలో ప్రతి ఆజ్ఞనీ జంటగానే నేర్పండి, విడిగా వద్దు.

వంటింటి మాటలు మొదటి వారానికే కావాలి: మత్‌బఖ్ వంటగది, తల్లాజా ఫ్రిజ్, గస్సాలా బట్టలుతికే మిషను, మక్నసా చీపురు, మిల్‌హ్ ఉప్పు, దల్లా కహ్వా కాచే పాత్ర, ఫింజాన్ దాని చిన్న కప్పు.

నాగావళి గట్టు:
గౌరి గారూ, మంచి సంగతి చెప్పారమ్మా. పిల్లల కార్టూన్లు ఎక్కువగా గ్రాంథికంలో ఉంటాయి. చెవికి మంచివే, అవి చూసి మాట్లాడకూడదు. కువైట్ టీవీ సీరియళ్ళు, ముఖ్యంగా రమదాన్ నెలలో వచ్చేవి, అచ్చమైన వాడుకభాష. ఒక ఎపిసోడ్‌లో అయిదు నిమిషాల ముక్క తీసుకుని మూడుసార్లు చూడటం గంటసేపు ఊరికే చూడటం కన్నా మేలు.

ఉద్దానం కుర్రాడు:
మరి సైటు కుర్రాళ్ళకి ఆ అవకాశం లేదు కదా. వాళ్ళు రోజూ ఎవరితో మాట్లాడాలి?

సోంపేట ఫిట్టర్:
కొట్టువాడితో లాభం లేదని ముందే చెప్పాను. వెతుక్కోవలసింది ఈజిప్టు, సూడాన్, యెమెన్, సిరియా మనుషుల్ని: గేటు కాపలాదారు, స్టోర్ కీపరు, డ్రైవరు, కంపెనీ మందూబ్ (ఆఫీసుల చుట్టూ కాగితాల పని చూసే ప్రతినిధి). ఎండాకాలం మధ్యాహ్నం బయట పని ఆపాలని చట్టమే ఉంది. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు 12 నుంచి 3 గంటల దాకా, కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు 11 నుంచి 4 దాకా. అందరూ ఒకే నీడలో కూర్చుంటారు. అందులో అరగంట చాలు.

పద్ధతి ఇలా ఉండాలి. ముందురోజు రాత్రి అయిదు వాక్యాలు, మాటలు కాదు వాక్యాలు, నోట్సులో రాసుకోవాలి. మర్నాడు ఆ అయిదూ ముగ్గురు వేర్వేరు మనుషుల దగ్గర వాడాలి. వాళ్ళు దిద్దినది పక్కన ఎర్ర సిరాతో. మొహమాటపడి దిద్దరు కాబట్టి మొదటిరోజే చెప్పుకోవాలి: "సహ్హిహ్ లీ", నన్ను సరిదిద్దు. నోట్సులో మూడు గళ్ళు: తెలుగు అర్థం, తెలుగు లిపిలో పలుకుబడి, అరబ్బీ లిపి. మూడోది వదిలేస్తే తరవాత ఫోనులో వెతుక్కోలేరు.

క్రియలు ముప్పై చాలు, ఒక్కోటి మూడు రూపాల్లో. వెళ్ళు: రాహ్, యిరూహ్, రూహ్. తే: జాబ్, యిజీబ్, జీబ్. చూడు: షాఫ్, యిషూఫ్, షూఫ్. చెప్పు: గాల్, యిగూల్, గూల్. పెట్టు: హత్త్, యిహుత్త్, హుత్త్. మొదటిది జరిగినది, రెండోది జరుగుతున్నది, మూడోది ఆజ్ఞ. ధాతువులు, వ్యాకరణ పట్టికలు మొదటి ఆర్నెల్లు ముట్టుకోవద్దు.

ఇచ్ఛాపురం జంక్షన్:
మనకి తెలిసిన అరబ్బీ మాటలు కూడా తరగతిలో చెప్పండి, ధైర్యం వస్తుంది. దుకాణం, కుర్చీ, జవాబు, ఖాళీ, హక్కు అన్నీ అరబ్బీవే, అక్కడ దాదాపు అలాగే పనికొస్తాయి. కానీ రెండు దారి తప్పిస్తాయి. నకలు అంటే మనకి కాపీ. అక్కడ నఖల్ అంటే బదిలీ, రవాణా. నఖల్ కఫాలా అంటే స్పాన్సరు మార్పు. వసూలు అంటే మనకి డబ్బు రాబట్టడం. విమానాశ్రయంలో వుసూల్ అని ఉంటే "రాక" అని.

నాగావళి గట్టు:
కాగితాల సంగతి ఇక్కడే చెప్పాలి, ఇది భాషకన్నా ముఖ్యం. సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఒప్పందం రెండు భాషల్లో ఉంటే అరబ్బీ పాఠమే చెల్లుతుంది. అందుకని ఈ ఎనిమిది మాటలు చదవగలిగేదాకా ఎవరినీ పంపకండి: 'అఖ్ద్ ఒప్పందం, రాతిబ్ జీతం, అసాసి మూలవేతనం, బదల్ అలవెన్సు, ఇజాజా సెలవు, ఇస్తిఖాలా రాజీనామా, ముఖాలసా లెక్కలన్నీ తేలిపోయాయనే కాగితం, తౌఖీ' సంతకం.

ఇజాజా ఫారమ్ అని చెప్పి ఇస్తిఖాలా మీదో, ముఖాలసా మీదో సంతకం పెట్టించుకుంటే బకాయి జీతం రాబట్టుకోవడం కష్టం కావచ్చు. శీర్షికలో పెద్ద అక్షరాలతో ఆ మాటే ఉంటుంది కాబట్టి చదవగలిగితే చాలు. ఫోను కెమెరాతో చేసే అనువాదం అచ్చు కాగితం మీద బాగానే పనిచేస్తుంది, చేతిరాత మీద నమ్మొద్దు.

లిపికి మూడు వారాలు, రోజుకి అరగంట. 28 అక్షరాలు, చుక్కల తేడాతో చాలా ఒకే ఆకారంలో ఉంటాయి కనుక ఆకారాల గుంపులుగా నేర్పండి. బ, త, థ ఒక గుంపు, జ, హ, ఖ ఒక గుంపు. ఊళ్ళో మసీదు దగ్గర ఖుర్‌ఆన్ చదవడం నేర్పే గురువు ఉంటే అక్షరాలు ఆయన దగ్గరే మొదలెట్టడం మంచిది, ఉచ్చారణ కూడా కుదురుతుంది. ఒకటి గుర్తుంచుకోండి, అక్కడ అచ్చుల గుర్తులన్నీ ఉంటాయి, బజారు బోర్డుల మీద ఉండవు. అందుకే నాలుగో వారం నుంచి గుర్తులు లేని మాటలే చదివించాలి: ఖిఫ్ ఆగు, ఖతర్ ప్రమాదం, మఖ్రజ్ బయటికి దారి, మమ్నూ' నిషిద్ధం.

గరివిడి గౌరి:
ఒంట్లో బాగోనప్పటి మాటలు కూడా చేర్చండి. రాసి యి'అవ్విర్ని, తల నొప్పిగా ఉంది. బత్ని యి'అవ్విర్ని, కడుపు నొప్పిగా ఉంది. 'ఇంది హరారా, జ్వరంగా ఉంది. 'ఇంది దోఖా, కళ్ళు తిరుగుతున్నాయి. ఎండలో పనిచేసేవాడు ఈ చివరిదాన్ని చెప్పలేక "మాఫీ గుడ్" అని ఊరుకుంటే పక్కవాడికి ప్రమాదం తెలియదు. కువైట్‌లో అత్యవసర నంబరు 112, సౌదీలో అంబులెన్సు 997.

ఉద్దానం కుర్రాడు:
అందరికీ దండాలు. ఆరు వారాల్ని ఇలా అనుకుంటున్నాను: మూడు వారాలు లిపీ ఉచ్చారణా, నాలుగో వారం అంకెలు, బోర్డులు, అయిదో వారం ముప్పై క్రియలు, ఆఖరి వారం కాగితాలు, ఆస్పత్రి. ఒక్క అనుమానం. ఆరు వారాల్లో ఐన్, బరువైన త కుదరని వాళ్ళుంటే వాళ్ళని ఆపేయాలా?

బొబ్బిలి వీణ:
వద్దు బాబూ, ఎవరినీ ఆపకండి. పలకడం కుదరకపోయినా వినడంలో తేడా తెలిస్తే చాలు. పరీక్ష అలా పెట్టండి: మీరు తీన్, తీన్ అని రెండు రకాలుగా చదవండి, వాళ్ళు అంజూరమా మట్టా చెప్పాలి. పదింటికి ఎనిమిది కుదిరితే అక్కడికెళ్ళాక నాలుక మెల్లగా దారిలోకి వస్తుంది. మీరు పెట్టిన వరసలో ఒక్క మార్పు చెయ్యండి, అంకెల్ని నాలుగో వారం దాకా ఆపొద్దు. మొదటి రోజు నుంచే తరగతికి పది నిమిషాలు ఇవ్వండి.